తొర్ర నుంచి పెట్టెకు

మన గూడేల్లో ఇళ్ల వెనుక ఖాళీ తేనెపెట్టెలు కనిపిస్తుంటాయి. కొన్నింట్లో చెదలు పట్టాయి, కొన్నింట్లో కోడి పొదుగుతోంది. అడిగితే "పెట్టె ఇచ్చారు, ఈగ నిలవలేదు" అంటారు. ఇచ్చినవాళ్లు మాత్రం "గిరిజనులకు పెంపకం చేతకాదు" అని రాసుకుని పోతారు. ఈ మాట మన పిల్లలు కూడా నమ్మడం మొదలుపెట్టారు. అందుకే ఈగ తొర్ర నుంచి పెట్టెకు వచ్చిన చరిత్రను మనమే ఒకసారి చెప్పుకోవాలి.

మన కొండల్లో తేనె ఇచ్చే ఈగలన్నీ ఒకటి కావు. ఎత్తయిన బండలకు, పెద్ద చెట్లకు ఒకే పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ. పొదల్లో అరచేతంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. ఈ రెండూ వెలుతురులో బతుకుతాయి, పెట్టెలో ఇమడవు. చెట్టు తొర్రలో, పుట్టలో, రాతి సందులో, చీకట్లో పక్కపక్కనే ఐదారు పట్లు కట్టేది పుట్ట తేనెటీగ. మన పెట్టెల్లో ఉండగలిగేది ఇదే. ఈ తేడా చెప్పడానికి మన తాతలకు పుస్తకం అవసరం లేకపోయింది.

తేనె తీయడం వాళ్లకు ఒక కట్టుబాటుతో కూడిన పని. నల్లమల చెంచులు బండ అంచు నుంచి తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది అని చెబుతారు. తోబుట్టువు కాపురం నిలవాలని కోరేవాడు తాడు వదలడని నమ్మకం. పిల్ల ఉన్న భాగాన్ని ముట్టకుండా తేనె ఉన్న భాగమే కోసుకునే పెద్దలను మనలో చాలామంది చూశాం. పట్టంతా పిండుకుని, పొగతో ఈగలను చంపినవాళ్లూ మనలో ఉన్నారు. దాన్నీ దాచకూడదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల గీతలు పడ్డాయి. తేనె, చింతపండు, అడ్డాకు వంటివి ఏరుకోవడానికి కూడా మన్యంవాళ్లు ఎవరి అనుమతికో ఎదురుచూడాల్సి వచ్చింది. 1922-24 నాటి మన్యం తిరుగుబాటు వెనుక ఈ అడవి ఆంక్షల బాధ కూడా ఉంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడి, దళారుల చేతిలోని తేనె కాటాను తన చేతికి తీసుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో పేరుపెట్టి చేర్చి, దానిపై యాజమాన్యం మనదేనని రాసింది.

పెట్టె కథ వేరే దారిలో నడిచింది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ ఒక సంగతి పట్టుకున్నాడు. పట్టుకూ పట్టుకూ మధ్య ఈగ నడిచేంత సందు వదిలితే ఈగలు దాన్ని మైనంతో పూడ్చవు. అప్పుడు పట్టు చట్రాన్ని చెడకుండా పైకి తీయవచ్చు. కానీ అది అక్కడి పెద్ద ఈగకు చేసిన కొలత. మన ఈగ చిన్నది. 1911-17 ప్రాంతంలో తిరుచిరాపల్లి వైపు ఫాదర్ న్యూటన్ మన ఈగకు సరిపడే చిన్న పెట్టె తయారుచేసి, పల్లెజనానికి పెంపకం నేర్పాడు. నేటికీ దాన్ని న్యూటన్ పెట్టె అంటున్నారు. 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ తేనెటీగల పెంపకాన్ని కుటీర పరిశ్రమగా ప్రోత్సహించమంది. తర్వాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఊరూరా పెట్టెలు చేర్చింది. 1991-92లో పిల్లపురుగును చంపే వైరస్ తెగులు దక్షిణాదిలో చాలా పెట్టెలను ఖాళీ చేసింది. అప్పుడు చేతకానిది ఎవరికి?

పెట్టె ఈగను నిలపదు. మన పుట్ట తేనెటీగ ఆకలేస్తే, చీమ పడితే, ఎండ తగిలితే, కదిలిస్తే లేచిపోతుంది. అడవిలో అది బతికి బట్టకట్టింది ఆ గుణంతోనే. కొత్తగా తెచ్చిన కుటుంబానికి సొంత నిల్వ ఉండదు. కాబట్టి మొదటి నెల దానికి అన్నం పెట్టడమే అసలు పని.

తొర్రలోని పిల్ల పట్లను కోసి, చట్రాలకు అరటినారతో కట్టి, రాణిని పెట్టెలోకి చేర్చేది సాయంత్రం. కొన్నాళ్లు వాకిలికి రాణి దాటలేని సన్న గేటు పెట్టాలి. నీడలో నిలబెట్టి, స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచితే చీమ ఎక్కదు. పంచదార, నీళ్లు సమానంగా కలిపి, కొబ్బరిచిప్పలో పోసి, ఈగలు మునగకుండా పుల్లలు వేసి పెట్టె లోపల పెట్టాలి. బెల్లం నీళ్లు వద్దు, ఈగల కడుపు పాడవుతుంది. పోసేది పొద్దువాలాక, అన్ని పెట్టెలకూ ఒకేసారి. బయట ఒలికితే పక్క ఈగలు దోపిడీకి దిగుతాయి. రోజూ మూత తెరిచి చూడకూడదు. బయట పూలు దండిగా వచ్చాక పంచదార నీళ్లు ఆపాలి. పోసిన పంచదారను తేనెగా పిండి అమ్మితే మన కాటాకే చెడ్డపేరు.

ఇక ఖాళీ పెట్టెల సంగతి. వానాకాలంలో మన కొండల్లో పూలు తక్కువ, ఈగ బయటికి పోలేదు. ఆ రోజుల్లో పెట్టె చేతికిచ్చి, పంచదార ఇవ్వక, మళ్లీ వచ్చి చూడకపోతే ఏ ఈగ నిలుస్తుంది? అదే అరకు, పాడేరు వైపు వలిసెలు పసుపుపచ్చగా విరిసే కాలానికి ముందు ఇస్తే, కుటుంబం బలపడి పూలను అందుకుంటుంది. పెట్టెలు పంచే తేదీ కాగితాల లెక్కన కాకుండా పూల లెక్కన పడాలి. ఆ లెక్క తెలిసింది మన అవ్వలకు, తాతలకు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో, ఏ నెలలో ఈగకు కరువో పిల్లల చేత ఇంట్లో పెద్దలను అడిగించి, బడి గోడ మీద రాయించండి. యువకులు ఆ పట్టికను గ్రామసభలో పెట్టి, ఈసారి పెట్టెలు ఎప్పుడు కావాలో, పంచదార ఎంత కావాలో తీర్మానం రాయించాలి. ఈగ నిలవకపోవడానికి కారణం మనమే అన్న రాతకు మన జవాబు కూడా రాతలోనే ఉండాలి.