కండరానికి కరెంటు.. చక్కెరకు కళ్లెం పడేనా?

నడవలేని మధుమేహులకు విద్యుత్ ప్రేరణ వ్యాయామం
మందులకు ప్రత్యామ్నాయం కాదు

భద్రాచలం: మధుమేహానికి నడక మేలైన ఔషధమని వైద్యులు చెబుతారు. కానీ పాదానికి పుండు పడినవారు, మోకాళ్లు అరిగినవారు, పక్షవాతంతో మంచం పట్టినవారు నడిచేదెలా? కండరాలకు స్వల్ప విద్యుత్ ప్రేరణతో వ్యాయామం కల్పించే విధానం ఇటువంటి వారికి ఉపకరించవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. దుమ్ముగూడెం, చర్ల వంటి అటవీ సరిహద్దు మండలాల కూలీలు పట్టణ ఆసుపత్రికి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవలసిందే. ఇంటివద్దే వాడుకోవచ్చనే యంత్రాల ప్రకటనలు వారిని సహజంగానే ఆకర్షిస్తాయి. కనుక మంచిచెడ్డలు తెలిసి ఉండటం అవసరం.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారు. ఈ ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

పనిచేసే తీరు

భోజనానంతరం ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోని చక్కెరను అధికంగా గ్రహించేవి కండరాలే. మధుమేహంలో ఈ ప్రక్రియ మందగిస్తుంది. అయితే కండరం సంకోచించినపుడు గ్లూట్-4 అనే మాంసకృత్తు కణం పైపొరకు చేరి, ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే చక్కెరను లోనికి చేరవేస్తుంది. తొడలు, పిక్కలపై ప్యాడ్‌లు అంటించి విద్యుత్ తరంగాలు పంపితే ఇదే సంకోచం కలుగుతుంది. నొప్పి తగ్గించే ‘టెన్స్’ యంత్రం వేరు, ఇది వేరు.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, కాళ్ల కండరాలను ప్రేరేపించగా శరీరం చక్కెరను గ్రహించడం పెరిగింది. తరువాత మధుమేహులపైనా పరీక్షలు జరిగాయి. అవి కొద్దిమందిపై, కొన్ని వారాలపాటు సాగినవే. అందువల్ల మాత్రలు, ఇన్సులిన్ మానివేయడం ప్రమాదకరం.

ఎవరు వాడరాదు?

గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు, గర్భిణులు, మూర్ఛ రోగులు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారు వాడరాదు. పుండుపై ప్యాడ్ అంటించరాదు. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారికి చర్మం కాలినా తెలియదు. తొలిరోజే తీవ్రత పెంచితే కండర కణాలు చిట్లి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రం ముదురు గోధుమ రంగుకు మారితే తక్షణం వైద్యుని చూడాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ముందు, తరువాత చక్కెర పరీక్షించుకోవాలి.

ఖర్చులేని మార్గం

యంత్రం కొనే ముందు వైద్యుని, ఫిజియోథెరపిస్టును సంప్రదించడం ఉత్తమం. నడవలేనివారు సైతం వైద్యుని సలహాతో నులకమంచంపై కూర్చుని కాళ్లు చాచి ముడవడం, నీళ్లసీసాలు చేతబట్టి ఎత్తడం వంటివి చేయవచ్చు. ఇవీ కండరాలకు పని కల్పించేవే. 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చక్కెర పరీక్ష ఉచితం. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. పాదంలో పుండు, వాపు, రంగు మార్పు కనిపిస్తే నాటువైద్యంతో కాలయాపన చేయక సమీప ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే కాలు తొలగించవలసిన పరిస్థితి రావచ్చు.