తూము దగ్గర న్యాయం

మీరు సండూరు కొండల నడుమ యశ్వంతనగర్‌లో ఉన్నా, ఇటు రాయదుర్గం, ఆదోని పల్లెల్లో ఉన్నా, నీటి తగాదా అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ తగాదాలను మన పెద్దలు ఎలా తీర్చుకున్నారో ఈ పూట చెప్పుకుందాం.

1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. తక్కిన భాగం మైసూరుకు వెళ్లింది. తుంగభద్ర ఆనకట్ట అటు, కుడి కాలువల చివరి భూములు ఇటు. పేచీ ముదరకుండా తుంగభద్ర బోర్డు ఏర్పడింది. ఆ తరువాత బచావత్ ట్రిబ్యునల్ వాటాలు తేల్చింది. కుడి ఎగువ కాలువలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 32.5 టి.ఎం.సి.లు, కర్ణాటకకు 17.5. నది తగ్గిన ఏడు ఇద్దరికీ అదే దామాషాలో తగ్గుతుంది.

ఈ దామాషా అన్న మాట మన చెరువు కట్టలకు కొత్త కాదు. కోలారు, చిత్తూరు, అనంతపురం సీమల్లో చెరువు సగమే నిండితే, ఊరు కూర్చుని ఎంత మడి సాగు చేయాలో నిర్ణయించేది. తూముకు దగ్గరి భూమినే అందరికీ వారి వారి ఆయకట్టును బట్టి ఆ పంటకు పంచేవారు. దూరపు మడి రైతు ఎండిపోయేవాడు కాదు.

తూము తీసేది, మడి మడికీ నీరు కట్టేది నీరుగంటి. చాలా ఊళ్లలో అతడు దళితుడు, సెంటు భూమి లేనివాడు. సొంత మడి లేదు కనుక పక్షపాతం ఉండదని ఊరి నమ్మకం. కూలి మాత్రం కళ్లంలో కొలిచే నాలుగు గింజలే.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి నీటి సంఘాలు పెట్టింది. రైతులే ఎన్నుకోవడం మంచి మార్పే. కాని ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికే. అదే నీటిని తాగడానికి, గొడ్లకు, బట్టలకు వాడుకునే భూమిలేని వారికి సభ్యత్వమే గాని ఓటు లేదు. నిన్న భూమి లేదన్న కారణంతోనే తూము అప్పగించాం. నేడు అదే కారణంతో ఓటు లేదన్నాం.

రెండు రాష్ట్రాలు ఒక బల్ల దగ్గర కూర్చోగలిగాయి. మన ఊరి బల్ల దగ్గర నీరుగంటి మనుమడికీ, కుండ మోసే తల్లికీ చోటుందా? ఈసారి మీ ఊళ్లో నీటి మాట వచ్చినప్పుడు ఈ ప్రశ్న మీరే అడగండి.