చిక్కడపల్లిలో బాంబర్ రేడియో

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకునే ఏ కుర్రాణ్ణయినా ఆపి 1942 అంటే ఏమిటని అడగండి, క్విట్ ఇండియా అని టక్కున చెప్తాడు. ఆ ఏడు జనానికి వార్తలు ఎలా తెలిసేవి అని అడిగితే మాత్రం తడుముకుంటాడు. ఓ పాత రేడియో పుణ్యమా అని నాకు ఆ ప్రశ్న పట్టుకుంది.

చిక్కడపల్లిలో మా ఫ్లాటులో ఉన్న సెట్టు పేరు బీసీ-348. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17, బీ-24 లాంటి అమెరికా బాంబర్లలో వాడారు. ఎనిమిది వాల్వులు. విమానంలోని 28 వోల్టులను డైనమోటర్ అనే చిన్న మెషీను రెండొందల పైచిలుకు వోల్టులుగా మార్చి వాల్వులకు ఇచ్చేది. స్పీకరు లేదు, హెడ్‌ఫోన్సే. తమాషా ఏమిటంటే ఇందులో మీడియం వేవ్ లేదు. 200-500 కిలోహెర్ట్జ్, ఆ తర్వాత ఏకంగా 1.5 నుంచి 18 మెగాహెర్ట్జ్. అంటే అప్పట్లో దీన్ని హైదరాబాద్ తెచ్చినా నిజాం గారి దక్కన్ రేడియో పలికేది కాదు, బెర్లిన్ మాత్రం పలికేది :)

బెర్లిన్ అంటే గుర్తొచ్చింది. 1942 మార్చిలో సుభాష్ బోస్ విమాన ప్రమాదంలో పోయారని వార్త పుట్టింది. గాంధీగారు బోస్ తల్లికి సంతాపం కూడా పంపారు. అది అబద్ధమని చెప్పింది షార్ట్ వేవ్‌లో స్వయంగా బోస్ గొంతే! అదే ఆజాద్ హింద్ రేడియో. జర్మనీలో ఆయనతో పనిచేసి, 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామిలో ఆయనతోపాటే తూర్పుకు బయల్దేరిన ఆబిద్ హసన్ మన హైదరాబాదీ.

బెర్లిన్ చెప్పిందల్లా నిజమేం కాదు లెండి. అవతల బీబీసీ కూడా 1940 మేలో హిందుస్తానీ ప్రసారాలు మొదలెట్టింది. 1941-43 మధ్య జార్జ్ ఆర్వెల్ అక్కడ కూర్చుని ఇండియా కోసం వార్తా వ్యాఖ్యలు రాశాడు. ముల్లు కాస్త తిప్పితే లండన్, ఇంకాస్త తిప్పితే బెర్లిన్. ఏది నమ్మాలో వినేవాడే తేల్చుకోవాలి.

1942లోనే బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది, 42.34 మీటర్ల మీద. 300ని దానితో భాగిస్తే దాదాపు 7.1 మెగాహెర్ట్జ్, నా సెట్టులో ఉన్న బ్యాండే. నవంబర్ 12న పోలీసులు పట్టుకున్నారు. ప్రసారం చేసేవాణ్ణి పట్టుకోవచ్చు, ఊరికే వినేవాణ్ణి కనిపెట్టడం చాలా కష్టం. అందుకే నాజీలు 1939 సెప్టెంబర్‌లో జర్మనీలో విదేశీ స్టేషన్లు వినడాన్నే నేరం చేశారు, 1943లో హాలండ్‌లో ఏకంగా సెట్లే లాక్కున్నారు. లాగ్ ఫైలు లేని చోట అంతకంటే ఏం చేస్తారు?

ఇక నడిపే సంగతి. పాత పేపర్ కెపాసిటర్లు మార్చకుండా పవర్ ఇవ్వకూడదు, అవి లీకై మిగతావాటినీ కాలుస్తాయి. మొదటిసారి ట్రాన్స్‌ఫార్మర్‌కి సిరీస్‌లో బల్బు పెట్టి ఆన్ చెయ్యాలి. బల్బు భగ్గున వెలిగితే ఎక్కడో షార్టన్నమాట. 28 వోల్టులకి ఎస్‌ఎమ్‌పీఎస్ వాడొద్దు, దాని రొదే సగం బ్యాండు మింగేస్తుంది. మా బిల్డింగులో ఎల్ఈడీ బల్బులూ ఛార్జర్లూ కలిసి గోల గోల. నారాయణగూడలో ఓ మిత్రుడి డాబా మీద 20 మీటర్ల తీగ కట్టాకే చైనా స్టేషన్లు శుభ్రంగా వినిపించాయి.

అయితే వినడానికి ఏం మిగిలింది అంటారా? నిజమే, తగ్గిపోయాయి. బీబీసీ హిందీ 2020 జనవరి 31తో షార్ట్ వేవ్ ఆపేసింది. అందరూ నెట్‌కి వెళ్ళారు. నెట్ కట్టే మనలాంటి వాళ్ళకి తెలియని విషయం కాదుగానీ, అక్కడ ఎవరు ఏం విన్నారో సర్వర్‌కి తెలుసు, ఒక ఆర్డరుతో జిల్లా మొత్తానికి ఆపెయ్యొచ్చు కూడా. ఎనభై ఏళ్ళ నాటి ఈ పెట్టెకి ఆ రెండు లోపాలూ లేవు.

మీ ఇంట్లో అటక మీద తాతగారి వాల్వు సెట్టేదైనా ఉంటే దయచేసి తూకానికి అమ్మకండి.