పదమూడో బార్ దగ్గర తగువు

నవంబర్ 29 క్లాడియో మాంటెవెర్డి వర్ధంతి. 1643లో వెనిస్‌లో కన్నుమూసిన ఈ ఇటలీ సంగీతకారుడి ఆపెరాలు గొప్పవే. నాకు మాత్రం ఆయన మీదికి వచ్చిన ఒక తగువంటేనే ఎక్కువ ఇష్టం.

ఆ తగువు అర్థం కావాలంటే ముందు హార్మోనియం మీద స, ప కలిపి నొక్కండి. ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోతాయి. మధ్యలో అంతర గాంధారం చేరిస్తే మేజర్ కార్డ్. ఇప్పుడు స పక్కనే శుద్ధ రిషభం నొక్కండి, గరగరమంటుంది. మొదటిది కన్సొనెన్స్, రెండోది డిసొనెన్స్. 440, 444 కంపనాల స్వరాలు కలిస్తే శబ్దం సెకనుకు నాలుగుసార్లు పొంగి తగ్గుతుంది. ఆ పొంగులు బాగా జోరందుకుంటే చెవికి గరుకు. ఇది శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఇచ్చిన వివరణ.

పైథాగరస్ సంప్రదాయంవాళ్లు తీగ కొలిచి 2:1, 3:2, 4:3 మాత్రమే పొసగుతాయన్నారు. మన భరతుడు 9, 13 శ్రుతుల దూరంలో ఉన్నవి సంవాదులన్నాడు. అంటే స–మ, స–ప జంటలే. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా ఒక్క అంగలో దాటేద్దాం. యూరప్‌లో గాంధారం నెమ్మదిగా పంక్తిలోకి వచ్చింది. 1558లో సంగీత శాస్త్రకారుడు జార్లీనో దానికి 5:4 లెక్క కట్టి పీట వేశాడు.

ఆ జార్లీనో శిష్యుడే జొవాన్ని ఆర్టూసి, బొలోన్యాలో మతాచార్యుడు. 1600లో ఈ కాలపు సంగీతంలో లోపాలంటూ ఒక పుస్తకం అచ్చువేశాడు. 1598 నవంబరులో ఫెరారాలో ఒక పెద్దమనిషి ఇంట్లో కొత్త పాటలు విన్న ఒకాయన వాటి గురించి మరొకాయనతో మాట్లాడినట్టు రాశాడు. స్వరకర్త పేరు చెప్పలేదు. అచ్చువేసిన ముక్కల్లో ‘క్రూదా అమరిల్లి’లోవీ ఉన్నాయి. అది మాంటెవెర్డిది.

ఆ పాట పదమూడో బార్‌లో, అంటే పదమూడో తాళపు గడిలో, కింది గొంతు జీ స్వరం మీద ఉంది. పై గొంతు కాస్త ఆగి, ఉన్నట్టుండి ఏ స్వరం పట్టుకుని, అక్కణ్ణించి ఎఫ్‌కి దూకుతుంది. జీ మీద రెండూ డిసొనెన్సే. శాస్త్రం ప్రకారం పొసగని స్వరం ముందు కన్సొనెన్స్‌గా వినిపించాలి, అలాగే నిలవాలి, ఆపైన ఒక మెట్టు దిగాలి. ఇక్కడ పిలుపూ లేదు, వీడ్కోలూ లేదు. ఆర్టూసి పట్టుకున్నది సరిగ్గా ఇదే. చెవి మహా చురుకు! కానీ సాహిత్యం తీసేసి ఒట్టి స్వరాలే అచ్చువేశాడు. అక్కడున్నది ప్రేమికుడి ఏడుపు. దాన్ని చూపిస్తే వాదం సగం వీగిపోయేది.

మాంటెవెర్డి 1605లో ఆ పాటను తన పాటల అయిదో సంపుటంలో ప్రచురించి, మాంటువా ప్రభువు కొలువులో తీరిక లేదనీ, జవాబుగా ఒక పుస్తకం రాస్తాననీ ముందుమాటలో చెప్పాడు. ఆ పుస్తకం రానేలేదు. 1607లో తమ్ముడు జూలియో చెజారే అన్న తరఫున వకాల్తా పుచ్చుకుని సంగీతానికి యజమాని మాటేనని తేల్చాడు. 1613 ఆగస్టులో ఆర్టూసి పోయాడు. అదే నెలలో మాంటెవెర్డికి వెనిస్ సెయింట్ మార్క్స్ చర్చిలో పెద్ద కొలువు దొరికింది.

ఇక్కణ్ణించి కథ నా చేతికి చిక్కదు. 1865 నాటి వాగ్నర్ ఆపెరా ‘ట్రిస్టాన్’ ఒక గరుకు కార్డ్‌తో మొదలై గంటల తరబడి ఊరట ఇవ్వదు. 1908కల్లా స్వరకర్త షోన్‌బెర్గ్ శ్రుతిని వదిలేసే దాకా వెళ్లాడు. జాజ్‌వాళ్లు సెవెన్త్ కార్డ్ మీదే హాయిగా పాట ముగిస్తారు. మన సినిమా పాటల్లోనూ అవి మామూలైపోయాయి, ఎవరూ ఉలిక్కిపడరు.

‘క్రూదా అమరిల్లి’ నాలుగు నిమిషాలైనా ఉండదు. ఈ వారం ఒకసారి వినండి. పదమూడో బార్ మీ చెవికి తగిలితే ఆర్టూసికి ఒక దండం పెట్టండి.