అద్దెకు తెచ్చుకున్న ఆట: అమెరికాలో 1990 నాటి మినహాయింపు

వీడియో గేముల చరిత్రలో యంత్రాలకూ సంస్థలకూ దక్కిన చోటు వాటిని కొనలేకపోయిన కుటుంబాలకు దక్కలేదు. నింటెండో గేమ్ యంత్రం అమెరికాలో 1985లో న్యూయార్క్‌లోనూ, మరుసటి ఏడాది దేశమంతటా అమ్మకానికి వచ్చింది. యంత్రం ఒక్కసారి ఖర్చు. అసలు భారం క్యాట్రిడ్జిలది. ప్రతి క్యాట్రిడ్జిలోనూ చిప్పులుండేవి కనుక తయారీయే ఖరీదైనది. పిల్లవాడు వారంలో ముగించే ఆటకు పూర్తి ధర చెల్లించడం పరిమితాదాయ కుటుంబానికి మోయలేని బరువు. వీడియో క్యాసెట్ల దుకాణాలు ఆటలనూ అద్దెకివ్వడంతో ఆ కుటుంబానికి దారి దొరికింది.

అద్దెను వ్యతిరేకించిన నింటెండో 1989లో బ్లాక్‌బస్టర్‌పై దావా వేసింది. అయితే ఆ దావా అద్దె మీద కాదు, ఆటతో వచ్చే సూచనల పుస్తకాన్ని నకలు తీసినందుకు! అద్దెను ఆపే చట్టం అప్పటికి లేదు మరి. 1990లో అమెరికన్ కాంగ్రెస్ కంప్యూటర్ ప్రోగ్రాముల వాణిజ్యపరమైన అద్దెను నిషేధించింది కాని, గేమ్ యంత్రాల్లో ఆడే ఆటలను మినహాయించింది. ఫ్లాపీ డిస్కులాగా క్యాట్రిడ్జిని ఇంట్లో సులువుగా నకలు తీయలేరన్నది ఇందుకు ఒక కారణం. అంటే ఆట ధరను పెంచిన చిప్పే అద్దెకు రక్షణగా నిలిచింది. ఈ మినహాయింపును వ్యాపార వివాదంలో ఒక ఘట్టంగా మాత్రమే చదవడం సరికాదని నా అభిప్రాయం. దానివల్ల నిజంగా మేలు పొందినది వారాంతానికి ఒక ఆటను ఇంటికి తెచ్చుకోగలిగిన కుటుంబమే. డౌన్‌లోడ్‌గా అమ్ముడయ్యే నేటి ఆటలో అద్దెకివ్వడానికి చేతికందే వస్తువే లేదు.