నిర్మల దారుశిల్పము: తక్షవిద్యాభ్యాసక్రమము

వాత్స్యాయనుఁడు చతుష్షష్టికళలను లెక్కించుచుఁ గావ్యసమస్యాపూరణమునకుఁ జేరువనే తక్షణమును, దాని వెంబడినే వాస్తువిద్యను బేర్కొనియున్నాఁడు. సమస్యను బూరించువాఁడును గొయ్యను జెక్కువాఁడును నా పట్టికలో నొక్కపంక్తివారే. కాలక్రమమున మన పండితులు మొదటి కళను గూర్చి విరివిగా వ్రాసిరి. రెండవదానిని వడ్రంగి యింటికే విడిచిపెట్టిరి. అందువలనఁ గలిగిన నష్ట మొక్క శిల్పమునకే కాదు, భాషకును గలదు. గోదావరికి నుత్తరమున వెలసిన నిర్మల కొయ్యబొమ్మల శిల్పము నుదాహరణముగాఁ గొని, ఆ విద్య యెట్లు నేర్పఁబడుచు వచ్చెనో, ఇఁక ముం దెట్లు నేర్పఁబడవలెనో విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా శబ్దవిచారము. తక్షధాతువునకుఁ దనూకరణ మర్థము, అనఁగా సన్నముచేయుట. కుమ్మరి మట్టిని జేర్చును. కంసాలి లోహమును గరఁగించి పోయును. తక్షకుఁడు మాత్రము తీసివేయును. తీసివేసినదానిని మరల నతికించుట దుర్ఘటము గనుక నీ విద్యయందు దోషమునకుఁ బ్రాయశ్చిత్తము స్వల్పము. గోదావరికి దక్షిణముననున్న కరీంనగరము వెండితీఁగపనికిఁ బేరు పొందినది. అచటి శిల్పి సన్నని తీఁగలను జుట్టి, యొకదానితో నొకటి గూర్చి వస్తువును నిలుపును. నిర్మల శిల్పి కొయ్యలో నక్కఱలేనిదానిని దొలఁగించి వస్తువును వెలువరించును. ఒకే నదికి రెండు దిక్కుల నుపచయాపచయరూపములైన రెండు శిల్పములు వర్ధిల్లుట గమనింపఁదగినది.

పాణినీయమునఁ బంచమాధ్యాయ చతుర్థపాదమున 95వ సూత్రము గ్రామ, కౌట శబ్దములకుఁ బరమైన తక్షన్ శబ్దమునకుఁ దత్పురుషమున టచ్ ప్రత్యయమును విధించుచున్నది. దానిచే గ్రామతక్షుఁడు, కౌటతక్షుఁడు అను నకారాంతరూపములు సిద్ధించును. గ్రామతక్షుఁ డూరి కంతకును సాధారణుఁడైన వడ్రంగి. కౌటతక్షుఁడు తన కుటీరమునఁ దాను గూర్చుండి స్వతంత్రముగాఁ బని చేసికొనువాఁడు. రాజునకుఁ బని చేయువానికి నీ విధి లేదు. అతఁడు రాజతక్షా యనియే నిలుచును. వ్యాకరణమునకు రూపభేదమే ప్రయోజనమైనను, చరిత్ర కిది గొప్ప సాక్ష్యము. కొయ్యపని చేయువారిలో నూరివాఁడు, స్వతంత్రుఁడు, రాజాశ్రితుఁడు అను మూఁడు తెఱఁగుల వా రానాఁటికే యుండిరి. వారి స్థితిభేదము లోకవ్యవహారమున శబ్దభేదముగాఁ బరిణమించెను. నిర్మల శిల్పుల చరిత్రమును జదువుటకు నీ విభాగము మనకు దీపమువంటిది.

నిర్మల పట్టణము 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు నాదిలాబాదు జిల్లాలోనిది. ఆ నెలలో జిల్లాలను విభజించినపుడు తానే యొక జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. 17వ శతాబ్దినాఁటి నిమ్మనాయఁ డను పాలకుఁడు శిల్పులను జేరఁదీసి, యీ పనికిఁ బ్రోత్సాహ మిచ్చెననియు, పట్టణమునకు నాతని పేరే వచ్చెననియు స్థానికుల ప్రతీతి. ప్రతీతిని శాసనముతో సమానముగాఁ గొనరాదు. కాని శిల్పులే తమ మూలపురుషునిగాఁ దలఁచువాని పేరును ద్రోసిపుచ్చుటయుఁ దగదు. ఆ దశలో వారు రాజతక్షలు. నైజాము ప్రభుత్వకాలమునను నా యాశ్రయము కొంతవఱకు నిలిచినది. 20వ శతాబ్ది పూర్వార్ధమున హైదరాబాదు రాజ్యప్రధానియైన సర్ అక్బరు హైదరీ గారి భార్య లేడీ హైదరీ యీ శిల్పమునకు రాజధానిలో నాదరము గల్పించెను. సంస్థాన మంతరించిన పిదప, 1955వ సంవత్సరమున శిల్పులు సహకారసంఘముగా నేర్పడిరి. రాజతక్షలు కౌటతక్షులై, యా కౌటతక్షులు సంఘముగాఁ గూడుకొని రన్నమాట. 1999వ సంవత్సరపుఁ జట్టము ననుసరించి నిర్మల బొమ్మలకు భౌగోళికగుర్తింపును లభించినది.

ఈ శిల్పులను నకాషీలని పిలుతురు. నక్కాషు అను నరబ్బీశబ్దమునకుఁ జెక్కువాఁడు, చిత్రించువాఁడు అని యర్థము. దానినుండి పారసీకభాషలో నక్కాషీ యను కర్మవాచకము పుట్టి, దక్కను రాజాస్థానముల ద్వారమున మన దేశమునకు వచ్చెను. మనము నగలయందును, ద్వారబంధములయందును ‘నగిషీ’ యని వాడు మాట యీ కుటుంబములోనిదే. పరభాషాపదమందలి కకారము సరళమై, సంయుక్తాక్షరము నడుమ నిత్వము చేరి, తెలుఁగు నోటి కనుకూలమైన రూప మేర్పడినది. పటముల కర్థములోని ‘నక్షా’ కూడ నిట్టిదే కాని సంస్కృతజన్యము కాదు. చేర్యాలలోఁ గథాపటములను వ్రాయు చిత్రకారులకును నకాషీ యను పేరే కలదు. ఒకే పేరు కొయ్య చెక్కువానికిని, బట్టపైఁ జిత్రించువానికిని జెల్లుటచే, చెక్కుటయు రంగువేయుటయు నొక్క విద్యకు రెండు చేతులని తెలియుచున్నది.

ఇఁక కొయ్య. నిర్మల బొమ్మలకు మూలము పొనికి చెట్టు. పొనికి, పునికి, పొంకి యని ప్రాంతభేదమునఁ బలుకుదురు. కొండపల్లి బొమ్మలకును దెల్లపొనికియే యాధారము. ఆముదపుఁ జెట్టు చేరిన కుటుంబమునకే యిదియుఁ జేరినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎండకాలమున నాకు రాల్చు పొడి యడవులలో, రాతినేలలఁ బెరుగును. మన దేశపుఁ గొయ్యలలో మిక్కిలి తేలికయైనవానిలో నిది యొకటి; మెత్తన, నార సమము; ఉలికి నెదురు తిరుగదు. ఆదిలాబాదు అడవులకుఁ గీర్తి తెచ్చినది టేకు. బొమ్మకుఁ బ్రాణ మిచ్చినది, కట్టడములకుఁ బనికిరాని యీ పొనికి.

పచ్చికొయ్యను బనికిఁ దెచ్చుట యొక శాస్త్రము. అప్పుడే కొట్టిన మ్రానిలో నీరు రెండు విధముల నుండును: కణముల కుహరములలో నొకటి, కణకుడ్యములలో నొకటి. కుహరములలోని నీరు పోవునంతవఱకుఁ గొయ్య తేలిక యగునే కాని యాకృతి మాఱదు. ఎండినకొయ్య బరువుతోఁ బోల్చి తేమ నూటికి సుమారు 30 పాళ్లకు దిగిన పిమ్మట కుడ్యములలోని నీరు పోవ నారంభించును. అప్పటినుండియే కొయ్య కుదియును. ఆ కుదింపు వలయముల వెంబడి యెక్కువ. కేంద్రమునుండి వెలుపలి దిక్కునకు దానిలో దాదాపు సగమే. ఈ వైషమ్యముచేతనే దుంగ నట్లే యెండనిచ్చినచో బీటలు వాఱును. చీల్చి ముక్కలుగా నాఱవేసినచో బీటలు తగ్గును. పచ్చిగా నున్నపుడు కోఁత సులభము; ఆఱిన పిదప నునుపు సులభము. కావున మోటుపని ముందు, సూక్ష్మపని పిమ్మట. ఈ క్రమము గ్రంథమునఁ జదివి తెలిసికొనఁదగినదే కాని, యే ముక్క యెప్పు డాఱెనో చెప్పునది శిల్పి యరచేయియే. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో ప్రతిమకు మ్రానును గొట్టుటకై వనము ప్రవేశించు విధి నొక యధ్యాయముగాఁ జెప్పెను. చెట్టును బూజించి, దాని నాశ్రయించిన భూతములను వేఱుచోటి కేఁగుఁడని ప్రార్థించి, పిమ్మట గొడ్డలి నెత్తవలెను. శిల్పము చెట్టుదగ్గఱనే యారంభమగు నని యా యధ్యాయమునకుఁ దాత్పర్యము.

బొమ్మను జేయు తీరు సంగ్రహముగాఁ జెప్పెదను. ఆఱిన ముక్కను బాడిసతోను, ఉలులతోను మోటుగా రూపునకుఁ దెత్తురు. లేడికిఁ గాళ్లు, పక్షికి ఱెక్కలు మొదలగు నవయవములను వేఱుగాఁ జెక్కి మొండెమునకు నతికింతురు. నార యడ్డముగా వచ్చినచోట సన్నని యవయవము విఱుగును గనుక, ప్రతి యవయవమునకు నార పొడవుగా వచ్చునట్లు వేఱు ముక్కను దీసికొనుట యిందలి యుపాయము. చింతగింజల పిండిని రంపపుపొట్టుతోఁ గలిపిన ముద్ద యతుకునకును, పగుళ్లు పూడ్చుటకును, పైయాకృతిని దీర్చుటకును బనికివచ్చును. ఆకురాతితో నునుపుచేసి, తెల్లపూఁత పూసి, పిమ్మట రంగులు వేయుదురు. 20వ శతాబ్ది మధ్యమునుండి ‘డ్యూకో’ యను మెఱుఁగు రంగులు వాడుకలోనికి వచ్చినవి. పండ్లు, కూరగాయలు, మృగములు, పక్షులు నిర్మల పనికిఁ బ్రసిద్ధలక్ష్యములు. నిజమైన పండని యెత్తి చూచినవానికి దాని తేలికయే మొదటి యాశ్చర్యము.

ఇట్టి విద్య యింతకాలము వంశపరంపరగా వచ్చెను. ఇంట బాలునకుఁ బ్రత్యేకమైన పాఠకాలము లేదు. అంగడి, పాకశాల, పాఠశాల యన్నియు నొక్క వసారాలోనే. అతఁడు రాఁపిడితో మొదలుపెట్టి, పూఁతలు దాఁటి, చాల యేండ్లకుఁ గాని బొమ్మ ముఖమునకు నులి తాఁకింపఁడు. మన విద్యలోను బాలుఁ డమరమును, ధాతురూపములను ముందుగా వల్లించి, యర్థమును దరువాత నెఱుఁగుట లేదా? ఈ పద్ధతి గట్టిది, కాని యిరుకైనది. ఆ యింటి బిడ్డ చదువుకొని నగరమున నుద్యోగమునకుఁ బోయిన యెడల, నేర్చుకొనువాఁడు లేక పరంపర యచటనే తెగును.

అన్యదేశములు దీనికిఁ గనిపెట్టిన యుపాయ మొకటి కలదు. ఫిన్లండు దేశమున ఊనో సిగ్నేయసు చేసిన యేర్పాటుచే 1866వ సంవత్సరమునఁ జేతిపని ప్రజాపాఠశాలలలో విధియైనది. స్వీడనునందు నేస్ అను చోట ఓటో సాలొమన్ (1849–1907) ఉపాధ్యాయులకే కొయ్యపని నేర్పు శిక్షణాలయమును నడపెను. అచట మొదటి పనిముట్టు కత్తి. వస్తువులు సులభమునుండి కఠినమునకు మెట్లుమెట్లుగా నుండెడివి. విద్యార్థి వడ్రంగి కావలయు నని కాదు, కన్నును జేయియు బుద్ధియుఁ గూడి నడువవలయు నని వారి యుద్దేశము. అనేకదేశముల యుపాధ్యాయు లచటికిఁ బోయి నేర్చిరి. మన దేశమున 1937వ సంవత్సరమున వార్ధాలో గాంధీమహాత్ముఁడు ప్రతిపాదించిన మూలవిద్యయు హస్తకృత్యమును విద్యకుఁ గేంద్రముగాఁ జేసినది. భారతప్రభుత్వపు హస్తశిల్పశాఖయు గురుశిష్యశిక్షణ మను పేర శిల్పాచార్యుని సన్నిధిని గొన్ని మాసములు నేర్పించు పథకమును నిర్వహించినది.

ఇందుకు రెండు పూర్వపక్షములు వినవచ్చుచున్నవి. విద్య వంశములోనివారికే చెల్లును, బయటివారికి నేర్పిన సాంకర్యము గలుగు నని యొకటి. కొన్ని వారముల శిక్షణలో నెవ్వఁడును శిల్పి కాఁడు, కాన నది వ్యర్థ మని రెండవది. మొదటిదానికి సమాధానము నిర్మల చరిత్రములోనే యున్నది. చెక్కు విద్య వేఱు, చిత్రించు విద్య వేఱు, పేరు పారసీకము, చింతముద్ద మన పల్లెది. ఇవన్నియుఁ గలిసిన పిమ్మటనే యీ శిల్పము పుట్టెను. కలయికవలనఁ బుట్టినది కలయికచేతఁ జెడునని చెప్పుట యుక్తము గాదు. రెండవది సగము నిజము. స్వల్పశిక్షణమున శిల్పి పుట్టఁడు; కాని శిల్పమును దెలిసి కొనువాఁడు పుట్టును. వ్యాకరణము జదివినవారందఱును వైయాకరణులు గారు. అయినను వారుండుటచేతనే వైయాకరణుని మాటకు సభలో విలువ యుండును.

అయితే, శిక్షణమున నొక ప్రమాదము కలదు. రంగు త్వరగా వచ్చును. కొయ్య త్వరగా రాదు. కాలము తక్కువైన చోట గురువును శిష్యుఁడును రంగుదగ్గఱనే యాగుట సహజము. శబ్దమునఁ బ్రకృతి యెట్టిదో బొమ్మలోఁ గొయ్య యట్టిది, రంగు ప్రత్యయము. ప్రకృతి తెలియక ప్రత్యయములను మాత్రము వల్లించినవాఁడు పదమును సాధింపలేఁడు. కావున శిక్షణము మ్రానుదగ్గఱ మొదలుకావలెను: చెట్టును గుర్తించుట, పచ్చిముక్కను జీల్చుట, నారను జదువుట, ఆఱుటకుఁ గాచియుండుట, పిమ్మట నులి, కట్టకడపట రంగు.

అంతకంటెఁ బెద్ద ప్రశ్న యా మ్రానే. పొనికి గింజ పెంకు గట్టిది; మొలక సులభముగా రాదు. నఱికినంత వేగముగా నది మరలఁ బెరుగదు. అడవి తఱిగినకొలఁది శిల్పి దూరము పోవలసివచ్చుచున్నది. పొనికి దొరకనినాఁడు బొమ్మ యాగిపోదు. వేఱొక కొయ్యతోనో, మూసలోఁ బోసిన వస్తువుతోనో, నిర్మల యను పేరితోనే యంగడికి వచ్చును. అప్పుడు పేరుండును, అర్థము మాఱును. అట్టి శబ్దము లెన్నియో మన నిఘంటువులలోఁ గలవు. వానికిఁ దోడు మఱియొకటి కాఁగూడదు.

పాఠశాలాపండితులు చేయఁదగిన పనులు రెండు తోఁచుచున్నవి. మొదటిది, తమ తమ గ్రామముల వడ్రంగులయు, నకాషీలయు నోటనున్న పనిముట్ల పేళ్లను, క్రియాపదములను, కొయ్యగుణములఁ జెప్పు మాటలను వారి యుచ్చారణము ననుసరించియే వ్రాసికొనుట. నిఘంటుకారులు కావ్యములను గాలించినంతగా వసారాలను గాలింపలేదు. రెండవది, పాఠశాల యావరణమున రెండు పొనికి మొక్కలను నాటించి, శిల్పి నొకనాఁడు పిలిపించి బాలురచేతి కులి నిప్పించుట. ఆ బాలురలో శిల్పి యొక్కఁడును గాకపోవచ్చును. కాని బజారున బొమ్మను జేతఁ బట్టినపుడు దాని బరువును జూచి కొయ్య యేదియో చెప్పఁగలవారు కొంద ఱుందురు. కొనువాని కా తెలివి యున్నంతకాలము చెక్కువాఁడు పొనికిని విడువఁడు. ఆ పొనికికొఱకు నడవిని గాచుకొనును.