కార్ల ఫ్యాక్టరీ చెక్క ముక్కల నుంచి కమలాపురం కంపచెట్టు దాకా: మీ గ్రిల్‌లో బొగ్గు కథ

కొత్తగా చార్‌కోల్ బార్బెక్యూ కొన్నవాళ్లకి కన్‌ఫ్యూజన్ గ్రిల్‌తో రాదు, బొగ్గుతో వస్తుంది. ఆన్‌లైన్‌లో వెతకండి. ఒక పక్క కొమ్మ ఆకారం ఇంకా కనపడే మామూలు కట్టె బొగ్గు. ఇంకో పక్క చిన్న దిండుల్లా అన్నీ ఒకే సైజులో ఉండే బ్రికెట్లు. దాని కింద "ఇవి కూడా కొనండి" అని ఒక స్టీల్ గొట్టం, థర్మామీటర్, బ్రష్, గ్లోవ్స్, ఇంకా ఏవేవో. కార్ట్ నింపుతూ పోతే గ్రిల్ రేటు కంటే వీటి రేటే ఎక్కువైపోతుంది.

ఏది కొనాలో చెప్పే ముందు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తా. ఎందుకంటే వీటిలో చాలావరకు ఎవరికో ఒకరికి వచ్చిన ప్రాబ్లమ్‌కి సొల్యూషన్‌గా పుట్టినవే. ఆ ప్రాబ్లమ్ మీకూ ఉంటే కొనండి. లేదంటే ఆ డబ్బులతో ఇంకో కేజీ చికెన్ తెచ్చుకోండి.

ముందు బ్రికెట్. దీన్ని హెన్రీ ఫోర్డ్ కనిపెట్టాడని చాలా వీడియోల్లో చెప్తారు. కాదు. పెన్సిల్వేనియాకి చెందిన ఎల్స్‌వర్త్ జ్వాయర్ 1897లోనే ఇంధన బ్రికెట్ డిజైన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఫోర్డ్ చేసింది వేరే. నాకైతే అదే ఎక్కువ ఇంట్రెస్టింగ్.

అప్పట్లో మోడల్ టీ కారు అంటే మొత్తం ఇనుము కాదు. బాడీ ఫ్రేమ్, ఫ్లోర్, చక్రాల పుల్లలు, ఇలా చాలా భాగాలు చెక్కవే. లక్షల కార్లు తయారవుతుంటే ఎంత కలప కావాలో ఊహించుకోండి. కలప కోసం ఫోర్డ్ 1919లో ఎడ్వర్డ్ కింగ్స్‌ఫోర్డ్ అనే ఆయన సాయం తీసుకున్నాడు. ఈయన మిషిగన్‌లో ఫోర్డ్ కార్ల డీలర్, భూముల వ్యాపారం కూడా ఉంది. పైగా ఫోర్డ్ బంధువుల అమ్మాయినే చేసుకున్నాడు. మన దగ్గరైనా అక్కడైనా పెద్ద డీల్స్ ఇలాగే మొదలవుతాయి కదా. మిషిగన్ ఉత్తర భాగంలో 3 లక్షల ఎకరాలకు పైగా అడవి కొన్నారు. ఐరన్ మౌంటెన్ అనే ఊరి దగ్గర రంపపు మిల్లు పెట్టారు.

మిల్లు నడిచింది. దాంతో పాటే కొమ్మలు, మొదళ్లు, చెక్క ముక్కలు, రంపపు పొట్టు గుట్టలుగా పేరుకుపోయాయి. ఫోర్డ్‌కి వేస్ట్ అంటే అస్సలు పడదు. ఒరెగాన్ యూనివర్సిటీ కెమిస్ట్ ఆరిన్ స్టాఫర్డ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. చెక్క వేస్ట్‌ని బొగ్గు చేసి, పొడి కొట్టి, గంజి లాంటి పిండి పదార్థంతో కలిపి, ప్రెస్‌లో ఒత్తి ఆరబెట్టడమే. ఫోర్డ్ ఆ ఫ్యాక్టరీ పెట్టాడు. వచ్చిన బ్రికెట్లని ఎక్కడ అమ్మాడో తెలుసా? తన కార్ల షోరూముల్లో! 1930లలో చిన్న గ్రిల్, బొగ్గు కలిపి పిక్నిక్ కిట్‌గా కూడా అమ్మారు. ఐడియా సింపుల్: కారు కొన్నోడు ఊరి బయటికి వెళ్తాడు, వెళ్తే ఆకలేస్తుంది. 1951లో ఆ వ్యాపారం చేతులు మారాక బ్రాండ్ పేరు కింగ్స్‌ఫోర్డ్ అయింది. ఇప్పటికీ అమెరికా షాపుల్లో ఆ నీలం సంచి కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. బ్రికెట్ పుట్టిందే పొడిలోంచి, అచ్చులోంచి. కాబట్టి దాని బలం ఒకేలా ఉండటం. ప్రతి ముక్కా ఒకే సైజు, ఇంచుమించు ఒకే వేడి, ఒకే టైమ్. రెండు మూడు గంటలు నిదానంగా మటన్ కాల్చాలంటే బ్రికెట్ బెస్ట్. కాకపోతే బూడిద ఎక్కువ. కొన్ని కంపెనీలు బొగ్గుతో పాటు సున్నపురాయి, గనుల్లో దొరికే బొగ్గు లాంటివి కూడా కలుపుతాయి. అందుకే సంచి వెనకాల చదవండి. ఇక్కడ ఆన్‌లైన్‌లో దొరికే కొబ్బరి చిప్పల బ్రికెట్లు కూడా ఇదే లాజిక్: వేస్ట్, పొడి, అచ్చు. కట్టె బొగ్గు త్వరగా అంటుకుంటుంది, వేడి ఎక్కువ, బూడిద తక్కువ. అరగంటలో కబాబ్‌లు అయిపోవాలంటే అదే చాలు.

మూత సంగతి. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే మెటల్ వర్క్‌షాప్‌లో జార్జ్ స్టీఫెన్ పనిచేసేవాడు. అక్కడ నీళ్లలో తేలే గుండ్రటి ఇనప బోయాలు తయారయ్యేవి. అప్పటి గ్రిల్స్‌కి సరైన మూత లేదు. గాలి కొడితే బూడిద తిండి మీద, వాన పడితే నిప్పు ఆరిపోవడం. విసిగిపోయి బోయా సగాన్ని గిన్నెగా, ఇంకో సగాన్ని మూతగా పెట్టి గాలి కంతలు తీశాడు. మన కెటిల్ గ్రిల్ అదే. జొన్నపొత్తులు కాల్చే అవ్వ విసనకర్రతో చేసే పనిని ఈ కంతలు చేస్తాయి. తెరిస్తే మంట పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. పని అయ్యాక అన్నీ మూసేస్తే నిప్పు ఊపిరాడక ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం సీరియస్‌గా వినండి. గాలి చాలని బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. చలికాలం గదిలో కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవలేదన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం. వాన వచ్చింది కదా అని గ్రిల్‌ని హాల్లోకి తెచ్చారో, అదే కథ. అద్దాలు మూసిన బాల్కనీ కూడా గదే. పొగ రావట్లేదు కాబట్టి సేఫ్ అనుకోవద్దు. ఎర్రగా కాలే బొగ్గుకి పొగ ఉండదు, విషం ఉంటుంది.

మిగతా సామాను త్వరగా. ఆ స్టీల్ గొట్టం పేరు చిమ్నీ స్టార్టర్. కింద న్యూస్‌పేపర్, పైన బొగ్గు. వేడి గాలి పైకి లాగడంతో పావుగంటలో నిప్పు రెడీ. ఇది కొనండి, కిరోసిన్ వాసన కబాబ్ తినే బాధ తప్పుతుంది. మాంసంలో గుచ్చే థర్మామీటర్ కూడా కొనండి, చికెన్ లోపల 74 డిగ్రీలు దాటాలి. పొడుగు పట్టకారు ఇంట్లో ఉంటే చాలు. ఇనప తీగల బ్రష్ మాత్రం వద్దు. తీగ ఊడి జాలీకి అంటుకుని, అక్కడి నుంచి గొంతులోకి పోయి హాస్పిటల్ పాలైనవాళ్లు ఉన్నారు.

చివరగా, అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. టెక్సస్‌లో "మెస్కీట్" అని కాస్త గొప్పగా అమ్మే బొగ్గు ఉంటుంది. మెక్సికో ఆదివాసీల నహువాటల్ భాషలోంచి వచ్చిన పేరు అది. ఆ చెట్టుకి మన దగ్గర ఒక దగ్గరి చుట్టం ఉంది: సర్కారు తుమ్మ! సీమలో కంపచెట్టు అంటారు. రెండూ ప్రోసోపిస్ జాతివే. అది మన నేల మీద పుట్టింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారి బెడోమ్ 1876లో ఈ విత్తనాలు కావాలని ప్రభుత్వానికి రాశాడు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో నాటారు. కట్టెల కరువు తీరుతుందని ప్లాన్. పశువులు కాయలు తిన్నాయి, పేడలో గింజలు వదిలాయి, చెట్టు చెరువులూ బీళ్లూ ఆక్రమించేసింది. పక్కన ఇంకో మొక్కని బతకనివ్వదని రైతులు దాన్ని తిట్టని రోజు ఉండదు.

అదే కంపని నరికి, పేర్చి, మట్టి కప్పి, రోజుల తరబడి లోలోపల మగ్గబెట్టి బొగ్గు చేసి బతికే కుటుంబాలున్నాయి. ఎండలో, పొగలో చేసే పని అది. ఇస్త్రీ బండికీ, హోటల్ తందూరీకీ అలాంటి బొగ్గే వెళ్తుంది. గట్టి కట్టె కాబట్టి వేడి బాగా నిలుస్తుంది. చిటపటలాడుతూ నిప్పురవ్వలు ఎగరేస్తుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. మీరు ఇండియాలోనే ఉంటే, ఇంపోర్టెడ్ సంచి ఆర్డర్ పెట్టే ముందు మీ వీధిలో ఇస్త్రీ చేసే అన్నని బొగ్గు ఎక్కడ కొంటాడో అడగండి. ఒక కేజీ తెచ్చి ఈ ఆదివారం ట్రై చేయండి, మేడ మీద, గాలి ఆడే చోట.